శాలిహుండం కొండ మీద వనభోజనాలా?

గారబస్సు:
కార్తీకమాసం దగ్గరకొచ్చింది. శ్రీకాకుళంలో మా వీధివాళ్లంతా ఈసారి శాలిహుండం వెళ్దామంటున్నారు. చుట్టాలకి బౌద్ధ స్తూపాలు చూపించినట్టూ ఉంటుంది, పులిహోర తిన్నట్టూ ఉంటుంది. ఓ పెద్దావిడ మాత్రం అక్కడ చెప్పులతో తిరిగితే పాపమంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రిటైర్డు_మాస్టారు:
విప్పాల్సిందే. అదేం పార్కు కాదు. తవ్వకాల్లో ఆ స్తూపాల నుంచి ధాతువులు, అంటే పవిత్ర అస్థికలు, దాచే రాతి భరిణెలు బయటపడ్డాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా భిక్షువులు మసలిన చోటు. మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాల ముందు కాసేపు నిలబడండి, అక్కడ వజ్రయానం, అంటే తాంత్రిక బౌద్ధం, కూడా నడిచిందని తెలుస్తుంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించేదాకా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడేమో స్తూపం గట్టు మీద కూర్చుని సెల్ఫీలు.

కొండెక్కేవాడు:
పూజే జరగని చోట మడి ఏమిటండీ? మధ్యాహ్నం రెండింటికి ఆ ఇటుకల మీద ఉత్త కాళ్లతో నడిచి చూడండి మాస్టారూ.

రిటైర్డు_మాస్టారు:
పొద్దున్నే వెళ్లండి.

బొబ్బిలి_పిల్ల:
మాది విజయనగరం వైపు. రామతీర్థంలో కింద రాములవారి గుడి దగ్గర అందరూ చెప్పులు విప్పుతారు. గురుభక్తులకొండ ఎక్కేటప్పుడు మళ్లీ తొడుక్కుంటారు. పైన ఉన్నదీ బౌద్ధారామమే. నేనూ తొడుక్కునే ఎక్కాను, ముళ్లు.

రిటైర్డు_మాస్టారు:
ముళ్లదాకా సరే. స్తూపం చుట్టూ ప్రదక్షిణ దారిలో అయితే విప్పాలి.

గారబస్సు:
చెప్పుల సంగతి సరే, పొయ్యి వెలిగించొచ్చా?

రిటైర్డు_మాస్టారు:
కుదరదు. రక్షిత కట్టడాల్లో అనుమతించిన చోట తప్ప వండకూడదు, తినకూడదు అని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. కిందటిసారి నేను వెళ్లినప్పుడు చక్రం ఆకారంలో ఉన్న ఆ ఇటుక పునాది లేదూ, దాని ఆకుల (చక్రం పుల్లల) మధ్య విస్తరాకులు, సాంబారు కారిన పాలిథిన్ కవరు. చీమలు బారులు తీరి ఉన్నాయి. ఊళ్లోవాళ్లకి దాని విలువ తెలియదు, అదీ అసలు జబ్బు.

వంశధార_ఒడ్డు:
ఏటి మాస్టారూ, ఊళ్లోవాళ్లంటారేటి? విస్తరాకులు తెచ్చింది కార్లలో వచ్చిన టౌనువాళ్లు. మావాళ్లు కొండ మీదకి మేకల్ని తోలుకెళ్తేనే తిట్లు తింటారు.

రిటైర్డు_మాస్టారు:
నేను మిమ్మల్ని అనలేదు. మేకలు మాత్రం ఎందుకు వెళ్లాలి? గట్లు కూలిపోవూ?

వంశధార_ఒడ్డు:
ఇదిగో, ఇదే. చెప్పులు, మేకలు, సాంబారు! మా చిన్నాన్నది ఇదే జిల్లాలో ఇంకో పాత కట్టడం పక్క ఊరు. ఇంటి గోడ పడిపోయింది. 2010లో పురాతన కట్టడాల చట్టం మార్చాక రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. మరమ్మతుకైనా పర్మిషన్ కావాలట. దరఖాస్తు పట్టుకుని ఆయన ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, టార్పాలిన్ కింద రెండు వానాకాలాలు పోయాయి. మీరు పొద్దున్నే వచ్చి, చెప్పులు విప్పి, ప్రదక్షిణ చేసి, మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోతారు. కాపలా మేం కాయాలి, నష్టం మేం పడాలి, విలువ తెలియదన్న మాటా మేమే పడాలి. దానివల్ల మా ఊళ్లో ఒక్క టీ కొట్టయినా నిలబడిందా?

కొండెక్కేవాడు:
ఇది చెప్పుల కంటే పెద్ద విషయం.

రిటైర్డు_మాస్టారు:
మీ చిన్నాన్నగారి బాధ అర్థమైంది బాబూ. కానీ ఆ 100 మీటర్లు ఎత్తేస్తే ఏమవుతుంది? పాత దిబ్బల ఇటుకలు పట్టుకెళ్లి ఇళ్ల పునాదుల్లో వేసుకున్న ఊళ్లు మన ఉత్తరాంధ్రలో నేను చూశాను. ఒకసారి పోయిన స్తూపం మళ్లీ రాదు.

వంశధార_ఒడ్డు:
ఎత్తేయమని ఎవరన్నారు? గోడ కట్టుకోడానికి నెలలోపు జవాబు చెప్పమంటున్నాను. కుదరదంటే కుదరదనే చెప్పమనండి, ఇంకో చోట చూసుకుంటాడు.

బొబ్బిలి_పిల్ల:
దీనికి మాస్టారు అడ్డు చెప్పరనుకుంటాను.

రిటైర్డు_మాస్టారు:
చెప్పను. చెప్పుల విషయంలో మాత్రం నా మాట మారదు.

గారబస్సు:
పొద్దున ఆరున్నరకి కొండ, మ్యూజియం. వంట కళింగపట్నం బీచ్ దగ్గర. వంశధార గారూ, ఊళ్లో పాతికమందికి టిఫిన్ చేసిపెట్టేవాళ్లుంటే నంబరు మెసేజ్ పెట్టండి, అడ్వాన్సు పంపిస్తాం.

వంశధార_ఒడ్డు:
మా వదినని అడిగి చెప్తాను. ఇడ్లీయే, పూరీ కుదరదు.