తెగల అడవి జ్ఞానానికి చట్టంలో చోటుందా?

ప్రశ్న: నల్లమలలో చెంచులు దుంపలు తవ్వేటప్పుడు తీగ మొదలును మళ్ళీ మట్టిలో కప్పివేస్తారని, అందువల్ల మరుసటి ఏడాది కూడా అక్కడ దుంప దొరుకుతుందని విన్నాను. ఇటువంటి తెలివిని చట్టం విజ్ఞానంగా గుర్తిస్తుందా, లేక వట్టి ఆచారంగానే చూస్తుందా?

జవాబు 1: గుర్తిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 3(1)(కె) సెక్షన్ జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సమష్టి మేధోహక్కును స్పష్టంగా పేర్కొంది. ఆచరణ మాత్రం వేరే కథ.

జవాబు 2: ఆ కథకు కాణి తెగ ఉదంతమే సాక్ష్యం. 1987లో కేరళలోని అగస్త్యమల అడవుల్లో పరిశోధకులకు దారి చూపిన కాణీలు ఒక మొక్క కాయలు తింటూ అలసట లేకుండా నడవడం గమనించి, ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క నుంచి శాస్త్రవేత్తలు 'జీవని' అనే మందును రూపొందించారు. లైసెన్సు రుసుములోను, రాయల్టీలోను సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించగా, ఆ సొమ్ము కోసం 1997లో ట్రస్టు ఏర్పడింది. అయితే గిరాకీ పెరిగితే అడవిలోని మొక్కలనే పీకేస్తారన్న భయంతో అటవీ శాఖ అడ్డుచెప్పింది. ఆ భయం నా దృష్టిలో అకారణమైనది కాదు, కానీ మొక్కను అంతకాలం కాపాడినవారినే అనుమానించడం విడ్డూరం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. చెంచుల విషయంలో ఈ హక్కు కోరడాన్ని గ్రామసభ తీర్మానంతో ఆరంభించవచ్చునా?

జవాబు 1: అవును, ఆ చట్టం 6వ సెక్షన్ గ్రామసభకే ఆ అధికారమిచ్చింది.