ఇంటిల్లిపాదీ చూసే తెలుగు సిరీస్ ఏదైనా చెప్పండి

మల్కాజ్‌గిరి: అత్తామామలు, పదో తరగతి అబ్బాయి, అందరం హాల్లోనే చూస్తాం. ఈటీవీ విన్‌లో ‘90స్’ అయిపోయింది. తర్వాత ఏది? ఇంకోటి, సిరీస్‌లలో మాటలు వినబడవు, మ్యూజిక్ రాగానే ఇల్లు అదిరిపోతోంది!

కూకట్‌పల్లి: జీ5లో ‘లూజర్’ (2020). 1985, 1993, 2007... మూడు కాలాల ఆటగాళ్లు, మూడు కథలు. కాలాలు మారిమారి వస్తుంటాయి కాబట్టి ఫోన్ చూస్తూ చూస్తే అయోమయమే. మొదటి రెండు ఎపిసోడ్లు ఒకేసారి చూసేయండి. ప్రియదర్శి భాగం నాకు బాగా నచ్చింది. ‘దూత’ మాత్రం బాబు పడుకున్నాకే. హత్యలు, బూతులు ఉన్నాయి. ‘సేవ్ ద టైగర్స్’లో మందు, మొగుడూపెళ్లాల జోకులు ఎక్కువ. అత్తగారి పక్కన ఇబ్బందే.

సైనిక్‌పురి: సౌండ్ సంగతి నేను చెప్తా. 5.1 మిక్స్ అంటే చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినే సరౌండ్ సౌండ్. అందులో మాటలు ఎక్కువగా సెంటర్ ఛానల్లో, అంటే మధ్య స్పీకర్‌కి వెళ్లే సౌండ్‌లో ఉంటాయి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి అన్నీ కుదిస్తే మాటలు నలిగిపోతాయి. యాప్‌లో ఆడియో మెనూ తెరిచి, ఉంటే స్టీరియో (రెండు స్పీకర్లకు సరిపోయే సౌండ్) పెట్టండి. లేకపోతే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో క్లియర్ వాయిస్, నైట్ మోడ్ లాంటివి వెతకండి. సరౌండ్ ఆపేయండి, సగం గోల దానిదే.

మల్కాజ్‌గిరి: సరౌండ్ ఆపగానే తేడా తెలిసిందండీ. ‘లూజర్’ ఈ శనివారం.