అప్రిహెండ్: ఎవరు ఎవర్ని పట్టుకున్నట్టు?

పూలకొమ్మ: షేక్‌స్పియర్ నాటకం మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌ని తెలుగు చేస్తుంటే, అయిదో అంకం మొదట్లో థీసియస్ రాజు మాట పొద్దుట్నుంచీ వదలట్లేదు. ప్రేమికులూ పిచ్చివాళ్లూ వివేకం కాంప్రిహెండ్ చేసేదానికన్నా ఎక్కువే అప్రిహెండ్ చేస్తారంటాడు. అప్రిహెండ్‌ని ‘గ్రహించు’ అంటే, కాంప్రిహెండ్‌ని ఏమనాలి?

పాతనిఘంటువు: రెంటికీ మూలం లాటిన్ ప్రెహెండెరె, పట్టుకోవడం. కిటుకంతా ఉపసర్గలో ఉంది. ‘అడ్’ చెయ్యి చాచడం, ‘కాం’ గుప్పిట మూయడం. మొదటిది పసిగట్టు, రెండోది ఆకళించుకొను.

తుమ్మెద: గుప్పిట బాగుంది గానీ, మాటలు తారుమారు చేసే కానిస్టేబుల్ డాగ్‌బెర్రీని మరిచారు. షేక్‌స్పియర్‌దే ‘మచ్ అడో’లో ఇద్దర్ని పట్టి తెచ్చి, ‘అప్రిహెండ్’ అనబోయి ‘కాంప్రిహెండ్’ చేశామంటాడు :)

పాతనిఘంటువు: ఆ తేడా తెలిసినవాడికే కదండీ అక్కడ నవ్వొచ్చేది!

వానచినుకు: అప్రిహెండ్‌కి పట్టుకోవడం, గ్రహించడం, రాబోయేదానికి భయపడటం అని మూడర్థాలు కదా, పసిగట్టులో భయమేదీ? థీసియస్ అదే ప్రసంగం చివర, రాత్రి భయంలో పొద కూడా ఎలుగుబంటి అయిపోతుందంటాడు. మనకు ‘పట్టు’ ఉండగా వేరే మాటెందుకు? దొంగను పట్టుకున్నారు, విద్య పట్టుబడింది, గుబులు పట్టుకుంది. మూడూ వచ్చేశాయి.

తుమ్మెద: మూడోదాంట్లో కర్త మారిపోయాడు, చూడలేదా? ఇంగ్లీషులో భయపడేవాడే రాబోయే ఆపదను ముందుగా అందుకుంటాడు. తెలుగులో గుబులే వచ్చి మనిషిని పట్టుకుంటుంది, దయ్యం పట్టినట్టు.

పూలకొమ్మ: ‘గ్రహ’ కూడా అంతేగా. బాలగ్రహం బిడ్డను పట్టేది, గ్రహణం సూర్యుణ్ణి పట్టేది. మనం గ్రహించేది మాత్రం బుర్రతో.

వానచినుకు: మొసలి పేరే గ్రాహం! పోతన గజేంద్రుణ్ణి తలుచుకోండి. కాలు గ్రాహం నోట్లో, ‘లావొక్కింతయు లేదు’ అనేసరికి ప్రాణభయం, ‘నీవే తప్ప ఇతఃపరంబెరుగ’ అనేసరికి గ్రహింపు. అప్రిహెండ్ అర్థాలు మూడూ ఒక్క మడుగులోనే. ఆ పద్యం గొంతెత్తి చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాతనిఘంటువు: అంతకుముందే ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు. అది శంక. సంస్కృతంలో శంకంటే సందేహమూ, భయమూ. థీసియస్‌కి ‘శంకించు’ నా ఓటు.

తుమ్మెద: ప్రేమికులు శంకిస్తారా? అది భార్యను అనుమానించిన ఒథెల్లోకి దాచుకోండి.

పూలకొమ్మ: నా వాక్యం ఇంకా అక్కడే ఉందండీ.

తుమ్మెద: ఉండండి, అంతకన్నా ముఖ్యం: నిఘంటువుగారూ, ‘వాడు కలడో’ కాదు, ‘వాఁడు గలఁడో’. ప్రథమ మీది పరుషానికి గసడదవలు రావూ? అరసున్నలు కూడా మింగేశారు.