నాలుగో దశ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, గొర్రెలకు పీపీఆర్ టీకా: రెండింటినీ ఒకే గీటురాయి మీద చూడొచ్చా?

ఎపిడెమియాలజీ_పీజీ:
నమస్తే. జర్నల్ క్లబ్‌లో (పరిశోధన పత్రాల మీద చర్చ) రెండు అంశాలు పక్కపక్కన పెట్టి మాట్లాడాలి.

మొదటిది: రొమ్ము క్యాన్సర్ బయటపడేసరికే ఎముకలకో కాలేయానికో పాకి ఉంటే, రొమ్ములోని గడ్డను తీసేయడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా? పాత రికార్డులు తిరగేసిన పరిశోధనల్లో చాలావరకు పెరుగుతుందనే అంటున్నాయి.

రెండోది మా ప్రపోజల్: పీపీఆర్ (పారుడు రోగం, గొర్రెలకూ మేకలకూ వచ్చే వైరస్ అంటురోగం) టీకా పనితనం. 20 మందలు, మందకు 20 చొప్పున 400 గొర్రెలు. అడిగిన కాపరుల మందలకు టీకా వేసి, మిగతా మందలతో పోల్చి, చావుల మీద కై-స్క్వేర్ (రెండు గుంపుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే లెక్క) చేద్దామనుకుంటున్నాం. తప్పు ఎక్కడుందో చెప్పండి.

కత్తెర_లెక్క:
ఆపరేషన్ సంగతి నేను చెప్తాను. రికార్డుల్లో కనిపించే ఆ లాభంలో రెండు మోసాలు కలిసి ఉంటాయి.

ఒకటి ఎంపిక. సర్జన్ ఎవరిని టేబుల్ ఎక్కిస్తారు? వయసు తక్కువ ఉన్నవాళ్లని, జబ్బు ఎముకలో ఒకటి రెండు చోట్లకే పాకినవాళ్లని, కీమోకి గడ్డ బాగా కరిగినవాళ్లని. వీళ్లు కత్తి తగలకపోయినా ఎక్కువ కాలమే బతికేవాళ్లు.

రెండోది కాలం. ఆరు నెలల కీమో అయ్యాక ఆపరేషన్ అంటే, ఆ ఆరు నెలలూ బతికి ఉన్నవాళ్లే ఆ గుంపులోకి వస్తారు. మూడో నెలలో చనిపోయిన ఆవిడ దానంతటదే 'ఆపరేషన్ లేనివాళ్ల' ఖాతాలో పడిపోతుంది. లెక్కను రోగనిర్ధారణ రోజు నుంచి మొదలుపెట్టారా, ఆరో నెల నుంచా అన్నది పేపర్‌లోని మెథడ్స్ (ఎలా చేశారో చెప్పే భాగం)లో మొట్టమొదట వెతకండి.

ముంబై టాటా మెమోరియల్ ట్రయల్ (2005–2013, 350 మంది) ఈ రెండు మోసాలకూ తావివ్వలేదు. కీమోకి స్పందించినవాళ్లనే తీసుకుని, ఎవరికి ఆపరేషన్, ఎవరికి కాదు అని ఆ తర్వాతే లాటరీ వేశారు. మధ్యస్థ ఆయుష్షు గడ్డ తీసినవాళ్లలో 19.2 నెలలు, తీయనివాళ్లలో 20.5 నెలలు. అంటే తేడా లేదు. దాని లోపం కూడా చెప్పాలి: హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం (హెర్2 పాజిటివ్) ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, దాని మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు అందలేదు. తర్వాత అమెరికాలో మంచి మందులతోనే చేసిన ఈ2108 ట్రయల్‌లో (256 మంది) మూడేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ గుంపులో 68.4, అవతలి గుంపులో 67.9 శాతం. మళ్లీ అదే జవాబు.

టర్కీ ట్రయల్ (ఎంఎఫ్07-01, 274 మంది) మాత్రం ఐదేళ్లకు బతికున్నవాళ్లు ఆపరేషన్ గుంపులో 41.6 శాతం, అవతలి గుంపులో 24.4 శాతం అంటూ ఆపరేషన్ వైపు మొగ్గింది. రెండు గుంపుల్లో ఎలాంటివాళ్లు ఉన్నారో చెప్పే దాని మొదటి టేబుల్ దగ్గరే ఆగి చూడండి. త్వరగా ముదిరే ట్రిపుల్ నెగెటివ్ రకం ఆపరేషన్ గుంపులో 7 శాతం, అవతలి గుంపులో 17 శాతం పైన. మామూలుగా ఎక్కువ కాలం బతికే హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (హార్మోన్ మందులకు లొంగే రకం) వాళ్లు, ఎముకలో ఒక్కచోటే పాకినవాళ్లు కూడా ఆపరేషన్ వైపే ఎక్కువ. లాటరీ వేసినా చిన్న ట్రయల్‌లో తక్కెడ ఒకవైపు ఒరగొచ్చు. నేనైతే దీన్ని ఆపరేషన్‌కు రుజువుగా తీసుకోను.

మంద_సర్వే:
మీ ప్రపోజల్‌లో 'అడిగిన కాపరుల మందలకు' అన్న మాట దగ్గరే పని చెడింది. అడిగి టీకా వేయించుకునే కాపరి నట్టల మందు కూడా వేళకు తాపిస్తాడు, సంతలో కొన్న జీవాన్ని వెంటనే మందలో కలపడు. పైన చెప్పిన ఎంపిక మోసమే ఇది. మందలకు లాటరీ వేయండి. లైసెన్సున్న టీకాను కంట్రోల్ (పోలిక కోసం ఉంచిన) మందలకు వేయకుండా వదిలేయడం న్యాయం కాదు కాబట్టి, వాటికి ఆ సీజన్ అయ్యాక వేస్తామని ప్రోటోకాల్‌లోనే రాయండి.

ఇక కై-స్క్వేర్. పీపీఆర్ మందలోకి వస్తే మంద మొత్తాన్ని చుట్టేస్తుంది, రాకపోతే ఒక్కదానికీ ఉండదు. అందుకని 400 గొర్రెలు 400 విడివిడి సాక్ష్యాలు కావు. ఎంతతో భాగించాలో చెప్పే సూత్రం: 1 + (మందలో జీవాలు – 1) × మంద లోపలి పోలిక (ఒకే మందలోని జీవాల ఫలితాలు ఎంత ఒకేలా ఉంటాయన్న కొలత, 0 నుంచి 1 దాకా). ఆ పోలిక 0.1 అనుకుంటే 1 + 19 × 0.1 = 2.9. దాంతో భాగిస్తే మీ 400 అసలు విలువ 138. ఇలాంటి అంటురోగానికి 0.3 అనుకోవడమే క్షేమం, అప్పుడు 6.7తో భాగిస్తే మిగిలేది 60. అదే 400ను 40 మందల్లో పదేసి చొప్పున తీసుకుంటే 108 దాకా వస్తుంది. గొర్రెలు కాదు, మందలు పెంచండి.

చావుల లెక్కలో ఇంకో చిల్లు ఉంది. ముక్కు కారుతూ, పారుకుంటూ ఉన్న గొర్రెను కాపరి చచ్చేదాకా ఉంచుకోడు, కటికవాళ్లకు అమ్మేస్తాడు. మీ రిజిస్టర్‌లో అది 'అమ్మకం'. చెవి పోగు నంబరుతో వారం వారం లెక్క చూసుకుని, అమ్మిన ప్రతిదానికీ ఆ రోజు జ్వరం, పారుడు ఉన్నాయా అని రాసుకోవాలి.

ఎపిడెమియాలజీ_పీజీ:
చాలా థాంక్స్ సర్. 20 మందల్లో రోగమే రాకపోతే? అప్పుడు టీకా వేసిన 28వ రోజు రక్తంలో యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రోటీన్లు) చూసి టీకా పనిచేసిందని రాయొచ్చా?

మంద_సర్వే:
'యాంటీబాడీ వచ్చింది' అని రాయొచ్చు, 'కాపాడింది' అని రాయకూడదు. జీరో రోజు (టీకా వేసే ముందు తీసిన) రక్తం తప్పనిసరి. సామూహికంగా టీకాలు వేసిన ఊళ్లలో చాలా జీవాలకు ముందే యాంటీబాడీ పాజిటివ్ ఉంటుంది. మూడు, నాలుగు నెలల లోపు పిల్లలకు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే టీకాను అడ్డుకుంటాయి, వాటిని విడిగా పెట్టండి. సుంగ్రి/96 (పీపీఆర్ టీకాలో వాడే వైరస్ రకం) టీకా వల్ల వచ్చిన యాంటీబాడీని, రోగం వల్ల వచ్చినదాన్ని మామూలు ఎలైసా (యాంటీబాడీని పట్టే రక్తపరీక్ష) విడదీయలేదు. అందుకని జబ్బుపడ్డవాటి కంటి, ముక్కు స్వాబ్‌లు పీసీఆర్‌కు (వైరస్‌ను నేరుగా పట్టే పరీక్ష) పంపాలి.

28వ రోజు యాంటీబాడీ రాకపోతే టీకాను తిట్టే ముందు ఐసు పెట్టె చూడండి. ఇది బతికున్న వైరస్. డైల్యూయెంట్ (టీకా పొడిని కలిపే ద్రవం) కూడా చల్లగా ఉండాలి, కలిపిన సీసా ఐసు మీదే ఉండి మామూలుగా రెండు గంటల లోపు అయిపోవాలి. సిరంజిని స్పిరిట్‌తో తుడిస్తే వైరస్ అందులోనే చస్తుంది. ఒక మిల్లీలీటరు చర్మం కిందే పడాలి. ఉన్ని మీద కారిపోయినా రిజిస్టర్‌లో 'వేశాం' అనే ఉంటుంది.

కత్తెర_లెక్క:
యాంటీబాడీ ప్రశ్న, అంటే మధ్యలో కనిపించే గుర్తునే అసలు ఫలితం అనుకోవచ్చా అన్నది, మా వైపూ ఉంది. టాటా ట్రయల్‌లో గడ్డ తీసినవాళ్లకు రొమ్ము దగ్గర జబ్బు మళ్లీ ముదరడం బాగా తగ్గింది, కానీ దూరపు అవయవాల్లో ముదరడం పెరిగింది, ఆయుష్షు మారలేదు. రొమ్ము దగ్గరి ఫలితం ఒక్కటే చూసి ఉంటే ఆపరేషన్ గెలిచిందనే రాసేవాళ్లం.

అలాగని దీన్ని చదివి ఎవరికీ ఆపరేషన్ వద్దనకండి. గడ్డ పుండై వాసన వస్తున్నా, నెత్తురు కారుతున్నా, మందులకు లొంగకపోయినా తీయాల్సిందే. అప్పుడు కొలవాల్సింది ఆయుష్షు కాదు: కట్టు రోజుకు ఎన్నిసార్లు మార్చాల్సి వస్తోంది, నొప్పి ఎంత తగ్గింది, ఆవిడ రాత్రి నిద్రపోగలుగుతోందా అన్నవి. స్లైడ్‌లో వాటికి వేరే వరుస పెట్టండి.