అప్‌డేట్: మారతహళ్లి వీధికుక్కకు ఇల్లు దొరికింది

బెంగళూరులోని మారతహళ్లిలో మా వీధిన కుంటుతూ తిరిగే ఆడకుక్కకు ఆశ్రయం చూపడం ఎలాగని లోగడ అడిగాను. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దంపతులు దానిని దత్తత తీసుకున్నారని ఎంతో సంతోషంగా తెలియజేస్తున్నాను. చెవి కొసన కత్తిరింపు ఉంటే సంతాన నియంత్రణ శస్త్రచికిత్స జరిగినట్లేనని మీలో ఒకరు చెప్పిన మాటను పశువైద్యుడు కూడా ధ్రువీకరించారు. అయితే రేబిస్ టీకా ఎప్పుడు వేశారో తెలియనందున మళ్లీ వేసి, ఇకపై ఏటా వేయించమన్నారు. అరికాలిలో గుచ్చుకున్న గాజుపెంకు తీసేశాక నడక కుదుటపడింది. ఇంట్లోకి రావడానికే జంకిన ఆ మూగజీవిని బలవంతపెట్టకుండా, గడప దగ్గరే పెరుగన్నం పెట్టి, అది తనంతట తాను లోపలికి వచ్చేదాకా వేచి ఉన్న ఆ ఇల్లాలి ఓర్పు నన్ను నిజంగా కదిలించింది. గౌరి అని పేరు పెట్టారు. పెంపుడు కుక్క లైసెన్సుకు దరఖాస్తు చేస్తున్నారు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.