ఫాల్అవుట్ 3 తర్వాత న్యూ వెగాస్: ఈ బగ్గులతో ఆడగలమా?

కాలవగట్టు
ఫాల్అవుట్ 3 గేమ్ ఆడేశాను. న్యూ వెగాస్ సేల్‌లో ఉంది. సగంమంది నెత్తిన పెట్టుకుంటున్నారు, మిగతా సగం గంటకోసారి దానంతటదే మూసుకుపోయి డెస్క్‌టాప్ మీద పడేస్తోందంటున్నారు. విండోస్ 10, 8 జీబీ ర్యామ్. మా అమలాపురం కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేదు. డబ్బులు పెట్టొచ్చా అండి?

లంకగాలి
పెట్టండి. డీఎల్‌సీలన్నీ (విడిగా వచ్చిన అదనపు కథలు) ఉన్న అల్టిమేట్ ఎడిషనే తీసుకోండి.

2010లో అబ్సిడియన్ కంపెనీ వాళ్లు దీన్ని ఫాల్అవుట్ 3 నడిచిన గేమ్‌బ్రియో ఇంజిన్ మీదే కట్టారు. 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి మీ దగ్గర ఎంత ర్యామ్ ఉన్నా 2 జీబీ దాటి వాడుకోలేదు. తిరిగేకొద్దీ అది నిండుతుంది. లాకులెత్తని కాలవకి గట్టు తెగినట్టు, ఎర్రర్ కూడా చూపించకుండా మూసుకుపోతుంది.

గేమ్‌ని ప్రోగ్రాం ఫైల్స్‌లో వెయ్యొద్దు, అక్కడ ఫైళ్లు మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. సీ డ్రైవ్‌లో 'గేమ్స్' అని వేరే ఫోల్డర్ పెట్టుకోండి. లాంచర్ ఒకసారి తెరిచి మూస్తే ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్లు తయారవుతాయి. తర్వాత మాడ్‌లకి (అభిమానులు చేసిన మార్పులకి) ఆధారమైన ఎక్స్ఎన్‌వీఎస్ఈ ఫైళ్లు గేమ్ ఈఎక్స్ఈ పక్కనే పడెయ్యండి, ఆపైన ఆ 2 జీబీ హద్దు పెంచే 4 జీబీ ప్యాచర్ నడపండి. ఇంజిన్ బగ్గులు సరిచేసే జేఐపీ ఎల్ఎన్, కుదుపులు తగ్గించే టిక్ ఫిక్స్, క్వెస్టుల బగ్గులు సరిచేసే యుకిచిగాయ్ ప్యాచ్, ఈ మూడూ మాడ్‌లని నడిపే మాడ్ ఆర్గనైజర్ 2 ద్వారా ఎక్కించండి. గేమ్‌లో ఆదేశాలు టైపు చేసే కన్సోల్‌లో 'గెట్‌ఎన్‌వీఎస్ఈవెర్షన్' కొడితే నంబరు రావాలి. రాలేదంటే ఎక్స్ఎన్‌వీఎస్ఈయో ప్యాచరో పట్టలేదన్నమాట.

పూతరేకు
బగ్గులు సరే, ప్యాచ్‌తో పోనివి కూడా చెప్పాలిగా మాస్టారూ. కొండలెక్కబోతే కనపడని గోడలు తగులుతాయి. కాసినోల వీధి స్ట్రిప్‌ని గేట్లు పెట్టి ముక్కలు చేశారు, ప్రతి గేటుకీ లోడింగే. ఆట మొదలయ్యే ఊరు గుడ్‌స్ప్రింగ్స్ నుంచి ఉత్తరానికి తిరిగితే కాజడోర్లనే పెద్ద కందిరీగలు కుట్టి చంపుతాయి. అది మాత్రం బగ్గు కాదు, దక్షిణం దారిన ప్రిమ్ అనే ఊరికి పొమ్మని చెప్పడం.

ఆట మాత్రం 3 కంటే ఒక మెట్టు పైనే. అక్కడ మాటల్లో ఒప్పించడం శాతాల లాటరీ, సేవ్ చేసి పదిసార్లు నొక్కేవాళ్లం. ఇక్కడ స్పీచ్ (మాటల నైపుణ్యం) 50 అడిగితే 50 ఉండాల్సిందే. తక్కువైతే, గేమ్‌లో దొరికే పత్రిక చదివితే కాసేపు 10 పెరుగుతుంది. తుపాకీ లెక్కా మారింది: 18 డ్యామేజీ బుల్లెట్‌కి కవచం డీటీ (దెబ్బలోంచి తగ్గించే అంకె) 15 ఉంటే మిగలాల్సింది 3. కనీసం 20 శాతం దిగుతుంది కాబట్టి 3.6. తెరమీద ఎర్ర డాలు బొమ్మ కనిపిస్తే తూటాలు తగలెయ్యడం ఆపి, కవచం చీల్చే రకం వేసుకోండి.

పులస
కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు. సెట్టింగ్స్‌లో ప్రయాణం, నిద్ర, నిరీక్షణ ఆటోసేవ్‌లు మూడూ తీసెయ్యండి. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే అది చెడినట్టే. చప్పున సేవ్ చేసే ఎఫ్5 మీద కూడా ఆధారపడొద్దు, ప్రతిసారీ మెనూలోంచి కొత్త సేవే. పాతవి ఓ ఇరవై ఉంచుకోండి. సేవ్‌లుండే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్ ఆన్‌లైన్‌కి ఎక్కిస్తుంటే ఆపెయ్యండి. చిన్న యూపీఎస్ కొంటే ఇంకా మేలు, ఆయ్.

కాలవగట్టు
చాలా థాంక్సండి. డీఎల్‌సీలు ఎప్పుడు మొదలెట్టాలి?

లంకగాలి
డెడ్ మనీ అనే డీఎల్‌సీ 20వ లెవెల్ దాటాకే. లోపలికెళ్తే ఆయుధాలన్నీ లాగేసుకుంటారు, కథ అయ్యేదాకా బయటికి రానివ్వరు, వచ్చాక మళ్లీ వెళ్లనివ్వరు. రేడియో సిగ్నల్ వెంట బంకర్‌లోకి దిగే ముందు ఒక సేవ్ విడిగా పెట్టుకోండి.