అప్‌డేట్: మా అమ్మాయి ఏ-లెవెల్‌లో సైకాలజీయే తీసుకుంది

ఏ-లెవెల్‌లో (ఇంగ్లండ్‌లో యూనివర్సిటీకి ముందు రెండేళ్ల చదువు) బయాలజీ, కెమిస్ట్రీలతో పాటు మూడో సబ్జెక్టుగా సైకాలజీ తీసుకుంటే మెడిసిన్‌కు అడ్డమా అని నిరుడు అడిగాను కదా. తీసుకుంది, ఇయర్ 12 (అందులో మొదటి ఏడాది) అయిపోయింది. మెడికల్ స్కూళ్లు ముఖ్యంగా చూసేది కెమిస్ట్రీ, బయాలజీలనే. మూడోది సైకాలజీ అయినా చాలా చోట్ల పేచీ లేదు. అయినా ఒక్కో యూనివర్సిటీ నిబంధన విడిగా చూసుకోండి.

బట్టీ పడితే చాలని కొందరన్నారు. కాదండీ! ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో సైకాలజీకి మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 96 మార్కులు. కనీసం 10 శాతం మార్కులు లెక్కలకే. మొన్న మా అమ్మాయి సైన్ టెస్ట్ (ప్రయోగంలో కనిపించిన తేడా కాకతాళీయమా కాదా అని చూసే లెక్క) చేస్తుంటే పక్కనే కూర్చున్నాను: ప్లస్సులు, మైనస్సులు లెక్కపెట్టి, తక్కువగా ఉన్న సంఖ్యను పట్టికలోని విలువతో పోల్చింది.

అసలు టెన్షన్ 16 మార్కుల వ్యాసాలతోనే. మిల్‌గ్రామ్ ప్రయోగంలో (పెద్దలు ఆదేశిస్తే జనం ఎదుటివారికి ఎంత కరెంటు షాక్ ఇవ్వడానికి సిద్ధపడతారో చూసింది; షాకులు ఉత్తుత్తివే) 65 శాతం మంది 450 వోల్టుల దాకా వెళ్లారని రాస్తే సరిపోదు. సాధారణంగా వివరణకు 6 మార్కులే, మిగతా 10 విమర్శకు. ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో వాదించాలి. ఇది నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు తన మనసు క్లినికల్ సైకాలజీ (మానసిక సమస్యలకు చికిత్స చేసే రంగం) వైపు కూడా లాగుతోంది. మెడిసిన్ దరఖాస్తుకు గడువు అక్టోబరు 15, కాబట్టి వేసవిలోనే తేల్చుకోవాలి. సలహా ఇచ్చినవాళ్లందరికీ చాలా థాంక్సండీ.